బైసెర్కె గారి పెన్నుని పంచిన రోజు

నరీన్ ఊళ్ళోకి చలి దిగినప్పుడు అది ముందుగా వెతుక్కునేది ప్లాస్టిక్‌ని. ఈ సంగతి జోల్చుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నది అంచున మంచు ఇంకా మీగడంత పలచగా ఉండగానే ఊరివాళ్ళ జేబుల్లో బాల్ పెన్నులు పగలడం మొదలయ్యేది. పొద్దున్నే బజారులో జోల్చు పెన్నులు బాగుచేసే చిన్న గూడు ముందు జనం నిలబడేవాళ్ళు, దెబ్బ తగిలిన పిట్టలని తెచ్చినట్టు అరచేతుల్లో పెన్నులు పట్టుకుని.

అది ఒకప్పటి మాట. అప్పట్లో రీఫిల్ అయిపోతే పారేసేవాళ్ళు కాదు. జోల్చు దగ్గర చిన్న చేతిమర ఉండేది. సూదితో రీఫిల్ కొసనున్న బంతిని తోసేసి, లోపలికి సిరా ఎక్కించి, కొత్త బంతి నొక్కి పెట్టేవాడు. ఆవగింజలో పదోవంతు ఉండే ఆ బంతుల్ని పెదవి మీద అంటించుకుని పనిచేసేవాడు. అందుకని పద్దెనిమిదో ఏట నుంచీ అతని కింది పెదవి నీలమే. బురుల్‌ని చూడటానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల తల్లి భయపడింది: "ఈ అబ్బాయికి గుండె జబ్బేమో, పెదవి చూడండి." బురుల్ మాత్రం తలుపు చాటు నుంచి నవ్వింది. ఆ నవ్వుకి జోల్చు యాభై ఏళ్ళు కాపురం చేశాడు.

ఇప్పుడు పెన్నులు ఎవరూ తేరు. కళ్ళజోళ్ళు తెస్తారు, లైటర్లు తెస్తారు, ఒకామె గొడుగు తెచ్చింది. జోల్చు అన్నీ చేస్తాడు. చేస్తూనే ఏ వస్తువు దేనితో చేశారో వేలితో తడిమి, దానికింకా ఎన్నేళ్ళుందో మనసులో లెక్క వేసుకుంటాడు. ఎండలో ఉన్న ప్లాస్టిక్‌కి ఆరేళ్ళు. చలిలో ఉన్నదానికి మూడు. ఇత్తడి నల్లబడుతుంది గాని చావదు. పై మెరుగు మాత్రం పొగరుబోతు, ముందు అదే ఊడిపోతుంది. స్ప్రింగ్ విరగదు, అలసిపోతుంది. మనుషుల్ని కూడా అలాగే చూసేవాడు. డెబ్భై ఒక్క ఏళ్ళకి తనది ఇత్తడి బాపతని అతనికో నమ్మకం. బురుల్‌ది ఉక్కు అనుకునేవాడు.

ఆ బురుల్ ఎండాకాలం చివర్లో మంచం పట్టింది.

డాక్టరమ్మ వచ్చి గొట్టం పెట్టి విన్నది. "గుండె బాగుంది, ఊపిరి బాగుంది. లేవాలన్న మనసే లేదు తాతా," అని వెళ్ళిపోయింది. బురుల్ అప్పటికే, పోయాక తనకి చుట్టాల్సిన కఫన్ గుడ్డ తీయించి, కొలిపించి, తలగడ కింద పెట్టుకుంది. ఈ మంచు కరిగేది తాను చూడనని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పండగ పిలుపులా చెప్పేది.

అక్టోబరు నెలలో, ఊరి రిజిస్ట్రారు బైసెర్కె పోయాడు. తొంభై ఏడేళ్ళు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతివాడి పేరూ, పోయిన ప్రతివాడి పేరూ ఆయనే రాశాడు. అదీ ఒకే ఒక్క పెన్నుతో: ఎర్ర ప్లాస్టిక్ కింద, మెరిసే గొట్టం పైన, నడుముకి చిన్న కడియం. ఉద్యోగంలో చేరిన ఏడు, ఎప్పుడో సోవియట్ రోజుల్లో, బహుమానంగా వచ్చింది. "యాభై రెండేళ్ళు," అని ఆయన పెన్ను ఎత్తి చూపించేవాడు. "దేశం పోయింది, డబ్బు మారింది, వీధుల పేర్లు మారాయి. ఇందులో ఒక్క ముక్క మారలేదు." ఆ పెన్నుతో పేరు పడ్డ పిల్లలు బతుకుతారని తల్లులు నమ్మేవాళ్ళు. కంప్యూటర్లు వచ్చాక కూడా పిల్లల్ని ఎత్తుకుని ఆయన ఇంటికి వెళ్ళి, ఉత్త కాగితం మీద ఆయనతో పేరు రాయించుకునేవాళ్ళు.

నూరేళ్ళ దరిదాపుకి వెళ్ళిన మనిషి పోతే ఆయన వస్తువులో చిన్న ముక్కయినా ఇంటికి తెచ్చుకోవాలి. దాన్ని తెబెరిక్ అంటారు. ఆయన ఆయుష్షు దానిలో కొంచెం అంటుకుని ఉంటుంది. బైసెర్కె కోటు, చొక్కాలు, టోపీ లోపలి గుడ్డ, చివరికి ఆయన గుర్రం మీద కప్పే దుప్పటి కూడా చింపి పంచేశారు. నలభయ్యో రోజు భోజనానికి పెన్ను ఒక్కటే మిగిలింది.

"గుడ్డ తేకు," అంది బురుల్, కళ్ళు మూసుకునే. "గుడ్డ చిరుగుతుంది. పెన్ను ముక్క తే."

"ఊరంతా దానికోసమే కూర్చుందే. నాకెవరిస్తారు?"

"యాభై ఏళ్ళు దాన్ని బాగుచేశావు. నీకివ్వక ఎవరికిస్తారు? పెన్ను ముక్క తెస్తే లేస్తాను. గుడ్డ తెస్తే ఈ గుడ్డ ఉందిగా," అని తలగడ తట్టింది.

జోల్చు చెప్పులు తొడుక్కున్నాడు. బైసెర్కెకి అతను ఎన్నడూ చెప్పని సంగతొకటి ఉంది.

ఆ పెన్ను విరిగినప్పుడల్లా బైసెర్కె చేతిరుమాలులో చుట్టి తెచ్చేవాడు. గూడు ముందు నిలబడి ఒకటే మాట అనేవాడు: "జోల్చూ, మార్చకు. బాగుచెయ్యి." జోల్చు "అలాగే అన్నా" అనేవాడు. తరవాత మార్చేవాడు. ఏం చేస్తాడు? పగిలిన ప్లాస్టిక్ అతుక్కోదు. కింది భాగం మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో రెండయింది. స్క్రూడ్రైవర్ ఎర్ర పిడిని చెక్కి, తొలిచి పెట్టాడు. పై గొట్టం సొట్టపోయింది. రేడియో ఏరియల్ కోసి పెట్టాడు. బటన్ వేటగాడి తూటా గుల్ల. క్లిప్ అలారం గడియారం లోపలి ఉక్కు చుట్టలో ముక్క. స్ప్రింగ్ లైటర్‌ది. పాత ముక్కల్ని పారెయ్యడానికి చెయ్యి రాక ఒక టీ డబ్బాలో దాచాడు.

కడియం ఒక్కటీ ఇంకో కథ. ఆ ఏడు దుకాణాల్లో అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. పెన్ను నడుం విరిగింది, రేపు పొద్దున మూడు పుట్టుకలు రాయాలని బైసెర్కె గుమ్మంలో నిలబడ్డాడు. జోల్చు ఇల్లంతా వెతికాడు. అద్దం దగ్గర బురుల్ కమ్మలు ఉన్నాయి, వాళ్ళమ్మ ఇచ్చిన వెండివి. ఒకదాని గుండ్రటి చుట్టు పెన్ను నడుముకి సరిగ్గా సరిపోయింది. రెండ్రోజుల్లో ఇంకోటి చేసి పెట్టేద్దామనుకున్నాడు. సాయంత్రానికే బురుల్ కమ్మ పోయిందని గోల పెట్టింది. ఆ రోజు ఇంట్లోకి వచ్చింది పక్కింటి అనీపా ఒక్కతే, జల్లెడ అడగడానికి. జోల్చు నోరు తెరిచేలోపల బురుల్ గోడ మీదుగా అనీపాని దొంగ అనేసింది. అనీపా జల్లెడ తిరిగి ఇవ్వనంది. ఆ మాట అయిపోయాక నోరు తెరవడం ఇంకా కష్టమయింది. ముప్ఫై ఏళ్ళయింది. ఆ రెండిళ్ళ మధ్య ఒక్క మాట లేదు. చిరునవ్వయినా లేదు.

అయినా, ఆ పెన్నులో బైసెర్కెది ఏమీ లేదని ఊళ్ళో తెలిసినవాడు తానొక్కడే అయినా, జోల్చు దారి పొడుగునా ఒక ముక్క దొరకాలని మొక్కుకుంటూ నడిచాడు. టీ డబ్బాని ఎందుకో కోటు జేబులో వేసుకున్నాడు.

బైసెర్కె ఇంట్లో కంబళ్ళ మీద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. ఉడికిన మాంసం ఆవిరి కిటికీలకి పట్టింది. పరిచిన గుడ్డ మీద బోర్సోకులు, నూనెలో వేగిన పిండి బిళ్ళలు, గుట్టగా పోసి ఉన్నాయి. వాటి మధ్య, చిన్న పళ్ళెంలో, పెన్ను. బైసెర్కె కొడుకు కుబాత్ దాని పక్కన పెళ్ళికూతురి అన్నలా కూర్చున్నాడు.

"అరవై ముగ్గురు అడుగుతున్నారు," అన్నాడు కుబాత్. "ఏం చెయ్యను? నరికి పంచనా?"

"నరకడమేంట్రా, మర్యాద లేకుండా," అన్నాడు మురాతాలీ. ఇప్పుడు ఊళ్ళో పెద్దవాడు ఆయనే, ఎనభై ఎనిమిది. "గొర్రెని ఎలా పంచుతాం? కీళ్ళు విడదీసి. తల ఎవరికో, తొడ ఎవరికో, పక్కటెముక ఎవరికో వరస లేదూ? దీనికీ కీళ్ళున్నాయి. వరస ప్రకారం పంచుదాం. ముక్క వచ్చినవాడు తన వంశానికంతా చూపించుకుంటాడు. ఒరేయ్ జోల్చూ! ఇలా రా. నువ్వు కొయ్యి."

జోల్చు చేతులు కడుక్కున్నాడు. గొర్రెకి కడుక్కున్నట్టే, మూడుసార్లు. కళ్ళజోళ్ళ స్క్రూడ్రైవర్ తీసి, బిస్మిల్లా అని, పెన్నుని తిప్పాడు. అది చిన్నగా కీచుమంది. గదిలో ఎవరో ఆడమనిషి "పాపం" అంది.

ఏడు ముక్కలు పళ్ళెంలో పడ్డాయి.

"ఇది తల," అని మురాతాలీ బటన్‌ని చూపించాడు. "తల నాది. ఆ పొడుగు గొట్టం తొడ."

"తల మా నాన్నకి రావాలి," అన్నాడొకడు.

"మీ నాన్న నాకంటే రెండేళ్ళు చిన్న."

"పాస్‌పోర్టులో రెండేళ్ళు చిన్న. అది బైసెర్కె గారే తప్పు రాశారు."

"ఆ పెన్నుతోనే రాశాడు కదా? అయితే ఒప్పే."

అప్పుడు వెనకనుంచి ఒక కోడలు, చంకలో పిల్లతో, లేచింది. "తల గొప్పదా, తొడ గొప్పదా అని కాదు మావయ్యా. ఏది ఎక్కువ కాలం ఉంటుందో అందులోనే కదా ఆయుష్షు ఎక్కువ ఉంటుంది? జోల్చు మావయ్యని అడగండి, ఏది గట్టిదో."

గదంతా జోల్చు వైపు తిరిగింది. యాభై ఏళ్ళలో అతని విద్య గురించి ఊరు అడిగిన మొదటి ప్రశ్న అది. అతనికి ఒళ్ళు వెచ్చబడింది.

"క్లిప్ ఉక్కు," అన్నాడు. "తుడుచుకుంటూ ఉంటే వందేళ్ళు. బటన్ ఇత్తడి, దానికి చావు లేదు, రంగు మాత్రం పోతుంది. ఎర్ర ప్లాస్టిక్ గట్టి రకమే, కాని పొయ్యి దగ్గర పెట్టకండి. గొట్టం సొట్టపడుతుంది. స్ప్రింగ్..."

"ఊఁ, స్ప్రింగ్?"

"వాడకపోతే ఎన్నాళ్ళయినా ఉంటుంది. వాడితే అలసిపోతుంది."

"మా ఆయన లాగానే," అంది ఒక ముసలావిడ. ఆడవాళ్ళ వైపు నవ్వులు పొర్లాయి.

"అయితే ఉక్కు నాది," అన్నాడు మురాతాలీ, బటన్ వదిలేసి.

"ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకెందుకు మావయ్యా ఉక్కు? పిల్లలకివ్వండి."

"నాకింకా పనులున్నాయి," అన్నాడాయన, క్లిప్‌ని అప్పుడే టోపీకి తగిలించుకుంటూ.

జోల్చు ఆ చంటిపిల్లని చూశాడు. ఆ పిల్ల వాళ్ళమ్మ చేతిలో లైటర్ స్ప్రింగ్ పెట్టబోతున్నారు. అరవై మంది ముందు అబద్ధం చెప్పొచ్చు. చంటిపిల్ల ముందు కష్టం.

"ఆగండి," అన్నాడు. "వీటిలో ఒక్కటీ బైసెర్కె అన్న అసలు పెన్నులోది కాదు. అన్నీ నేను మార్చినవే. అది లైటర్‌ది. ఇది ఏరియల్. ఆ తల తూటా గుల్ల. అసలువి ఇవిగో." టీ డబ్బా మూత తీసి పరిచిన గుడ్డ మీద బోర్లించాడు.

బోర్సోకుల మధ్య పడ్డాయి: పగిలిన ఎర్ర పెంకులు, తుప్పుపట్టిన తీగ, మెరుగు ఊడిన రేకు. కుబాత్ పళ్ళెం తన వైపు జరుపుకున్నాడు. "నాన్నకి తెలుసా?" అన్నాడు.

"తెలీదు."

మురాతాలీ ఒక పెంకుని తీసి, వెలుతురుకి పట్టి, వాసన చూసి, పడేశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"కుబాత్, మీ నాన్న పళ్ళు ఎవరివి?"

"కట్టుడువి."

"మోకాలు?"

"బిష్కెక్‌లో వేశారు. జర్మనీదట."

"కంట్లో అద్దం?"

"అదీ వేసిందే."

"అయితే నలభై రోజుల కింద మనం మట్టిచేసింది ఎవర్ని? జర్మనీవాణ్ణా?" పళ్ళెం వైపు వేలు చూపించాడు. "బైసెర్కెతో చివరిదాకా ఉన్నవి ఇవి. ఆ డబ్బాలోవి?" పెంకుల్ని బొద్దింకల్ని తోసినట్టు తోశాడు. "అవి ఆయనకంటే ముందే చచ్చాయి. చచ్చినదాంట్లో ఆయుష్షు ఎక్కడ్నుంచి వస్తుందిరా? పిల్లల తల్లి ఉంది, తియ్యవతలకి ఆ పీనుగుల్ని!"

కోడలు స్ప్రింగ్‌ని పిల్ల టోపీలో కుట్టడానికి జాగ్రత్తగా రుమాలులో కట్టుకుంది. జోల్చు పీనుగుల్ని ఏరి మళ్ళీ డబ్బాలో వేసుకున్నాడు. యాభై ఏళ్ళుగా మోసిన నేరం ఒక్క నిమిషంలో ఊడిపోయింది. పళ్ళెంలో చూస్తే ఒక్క ముక్కే మిగిలింది.

కడియం.

"ఇదేంటి, ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు మురాతాలీ.

గట్టిదని అబద్ధమాడితే వేరేవాళ్ళు తీసుకుంటారు. కాని విద్య గురించి అడిగితే జోల్చుకి అబద్ధం రాదు. "వెండి," అన్నాడు. "మెత్తన. అరుగుతుంది. అన్నిటికంటే ముందు పోయేది అదే."

"అయితే అది కోసినవాడిది. గొర్రెని కోసినవాడికి చివరి ముక్కేగా."

"పెద్దాయనా, నాకు రీఫిల్ ఇప్పించండి. ఖాళీదయినా సరే. లేదంటే ఆ ఎర్ర ముక్క ఎవరికొచ్చిందో వాళ్ళతో మార్చుకుంటాను..."

కాని అప్పటికే అరచేతులన్నీ పైకి లేచాయి. మురాతాలీ దీవెన మొదలుపెట్టాడు. చేతులు మొహాల మీదుగా జారి ఆమీన్ అన్నాక ఇక ముక్కలు మార్చుకోవడం ఉండదు. తొడ వచ్చినవాడికి తొడ, తోక వచ్చినవాడికి తోక.

బయట మంచు పడుతోంది, ఎవరో పైన తీరిగ్గా కాగితాలు చింపుతున్నట్టు. జోల్చు పిడికిట్లో కడియం పట్టుకుని నది వెంబడి నడిచాడు. డబ్బాలో అసలు క్లిప్ ఉంది. ఇదే ఇచ్చారంటే బురుల్‌కి తెలియదు. ఒకసారి ఆగి మూత తీశాడు కూడా. తుప్పుముక్క అతని వైపు చూసింది. చచ్చినదాన్ని బతకాల్సిన మనిషి చేతిలో ఎలా పెడతాడు? తనకి ఆ నమ్మకం ఎప్పుడు పట్టుకుందో అతనికే తెలియలేదు. మూత పెట్టేశాడు. ఆమె కళ్ళు మసకబారాయి, గుర్తుపట్టకపోవచ్చులే అనుకున్నాడు. ఆ అనుకోవడాన్ని వెచ్చగా ఉంచుకుంటూ ఇంటిదాకా వచ్చాడు.

బురుల్ కళ్ళు మూసుకునే చెయ్యి చాపింది. "గుడ్డా, పెన్నా?"

"పెన్నే."

అరచేతిలో పెట్టాడు. ఆమె వేళ్ళు ముడుచుకున్నాయి. ఒకసారి తిప్పి చూశాయి. ఇంకోసారి తిప్పాయి. లోపలి వైపు, చిన్నప్పుడు ఆమె పళ్ళతో కొరికిన నొక్కు ఒకటుంది. వేలి కొస అక్కడ ఆగింది.

కళ్ళు తెరుచుకున్నాయి.

తలగడ కింద చెయ్యి పెట్టి, కఫన్ గుడ్డ మడత విప్పి, రెండో కమ్మ తీసింది. దాన్ని వేసుకునే పోదామని దాచుకుంది. రెంటినీ పక్కపక్కన పట్టుకుంది. పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

"ముసలోడా," అంది.

"ఆ ఏడు దుకాణాల్లో ఏమీ లేవే..."

"ముప్ఫై ఏళ్ళు!"

"మూడు పుట్టుకలు రాయాలని ఆయన గుమ్మంలో..."

మొదటి బూటు తలుపుకి తగిలింది. రెండోది జోల్చుకి తగిలింది. మెత్తటి ఫెల్ట్ బూటు, నొప్పెట్టలేదు గాని, విసిరిన చెయ్యి మూడు నెలలుగా గ్లాసెత్తని చెయ్యి. బురుల్ మంచం దిగింది. గోడ పట్టుకోలేదు. "ముప్ఫై ఏళ్ళు నా చేత దొంగ అనిపించావు దాన్ని! దాని కూతురి పెళ్ళికి వెళ్ళలేదు నేను! మొగుడు పోతే ఏడవడానికి వెళ్ళలేదు! నీలిపెదవి దొంగా, నా కోటేది?"

"చలి బురుల్, మంచు పడుతోంది, డాక్టరమ్మ..."

"డాక్టరమ్మకేం తెలుసు! తప్పుకో."

కఫన్ గుడ్డనే తలకి చుట్టుకుని, ఒక కాలికి బూటు, ఇంకో కాలికి అతని చెప్పు తొడుక్కుని బయటికి నడిచింది. జోల్చు రెండో బూటు పట్టుకుని వెనకాల పరిగెత్తాడు. మంచులో రెండు రకాల అడుగులు పడ్డాయి. పక్కింటి తలుపుని ఆమె పిడికిలితో కాదు, వెండి కడియంతో కొట్టింది.

అనీపా తలుపు తీసింది. తల మీద తెల్లగుడ్డతో నిలబడ్డ బురుల్‌ని చూసి, "అల్లా, చచ్చిపోయి వచ్చావా?" అంది.

"లేదు. ఇదిగో దొరికింది," అని బురుల్ అరచెయ్యి చాపింది. "దొంగ వీడు."

అనీపా కడియాన్ని చూసింది. గుమ్మం అవతల, బూటు పట్టుకుని నిలబడ్డ జోల్చుని చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం తీసే ఉంచింది. బురుల్ కదల్లేదు. ఆమె ఊపిరి పొగలు పొగలుగా వస్తోంది. జోల్చు ఆ పొగల్ని లెక్కపెడుతూ నిలబడ్డాడు.

అనీపా జల్లెడ తెచ్చింది. ముప్ఫై ఏళ్ళు మేకుకి వేలాడిన జల్లెడ. చట్రం నల్లగా మెరుస్తోంది. గుర్రపు వెంట్రుకలతో అల్లిన అడుగు ఎప్పుడో పురుగు తినేసింది. దానిలోంచి అనీపా మొహం మొత్తం కనిపిస్తోంది.

"తీసుకో నీ జల్లెడ."

"అడుగేదే దీనికి?"

"ముప్ఫై ఏళ్ళు మాట్లాడకపోతే అడుగుంటుందా? దేనికుంటుంది? అంతగా అయితే నీ మొగుడున్నాడుగా, బాగుచేస్తాడు."

"వాడా!" అంది బురుల్. పెళ్ళిచూపుల నాడు తలుపు చాటున నవ్విన నవ్వు, కాస్త అరిగి, అదే నవ్వు, ఆమె నోట్లోంచి వచ్చింది. "వాడు బాగుచెయ్యడు. మార్చేస్తాడు."

అనీపా ఆమె చెయ్యి పట్టి లోపలికి లాగింది. టీ నీళ్ళు పెట్టే చప్పుడు వినిపించింది. తలుపు మూసుకుంది.

జోల్చు గుమ్మం బయట ఒంటి బూటుతో నిలబడి ఉన్నాడు. తనని ఎవరూ లోపలికి పిలవరని తెలుసు. లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అతన్నే తిడుతూ. ఒకరు తిట్టి ఊపిరి తీసుకునేలోపు ఇంకొకరు అందుకుంటున్నారు. అతను చెవి ఒగ్గి, బురుల్ గొంతుని అలవాటుగా మనసులోనే వేలితో తడిమి చూశాడు, దానికింకా ఎన్నేళ్ళుందో తేల్చుకోవడానికి.

ఉక్కే.